కన్వేయర్ వ్యవస్థలు: కృష్ణా డెల్టా పరిశ్రమల్లో స్థాపన, నిర్వహణ, భద్రత

సరుకును ఆగకుండా, ఖాయమైన ఒకే దారిలో ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే యంత్ర సముదాయాన్ని కన్వేయర్ అంటారు. కృష్ణా డెల్టాలో, దాని పరిసరాల్లో ఇది అనేక రూపాల్లో పనిచేస్తోంది. కూచిపూడి, మొవ్వ, పామర్రు ప్రాంతపు రైసు మిల్లుల్లో ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్లు, ఉయ్యూరులో చెరకును గానుగ రోళ్ల దగ్గరకు చేర్చే క్యారియర్లు, ఇబ్రహీంపట్నంలో బొగ్గు మోసే బెల్టులు, జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాల్లో సున్నపురాయి బెల్టులు, గన్నవరం విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను పట్టీలు ఈ కోవలోవే. కన్వేయర్ తన పని తాను చేసుకుపోతున్నప్పటి కంటే, దాన్ని శుభ్రం చేయబోయినప్పుడు, ఇరుక్కున్నది తీయబోయినప్పుడు, ఆగిపోయిందనుకుని చెయ్యి పెట్టినప్పుడు తీవ్రమైన గాయాలు ఎక్కువగా అవుతాయి. అందువల్ల ఈ వ్యాసంలో స్థాపన, విద్యుత్తు వేరుచేయడం, నిర్వహణ అనే అంశాలకు ఎక్కువ చోటు దక్కింది.

నిర్వచనం, పరిధి

క్రేను, లిఫ్టు, లారీ సరుకును విడతలు విడతలుగా మోస్తాయి. కన్వేయర్‌లో సరుకు ప్రవాహంలా సాగుతుంది. ఒక మోటారు నుంచి మరో యంత్రానికి శక్తిని అందించే పట్టా బెల్టు కన్వేయర్ కిందికి రాదు. అయితే డెల్టాలోని పాత మిల్లుల్లో ఒకే ఇంజను ఒక పొడవాటి షాఫ్టును, దాని మీది పట్టాలు షెల్లరును, పాలిషరును, ఎలివేటర్లను తిప్పేవి. అక్కడ రెండింటి ప్రమాదాలూ ఒకే గదిలో ఉండేవి. కర్మాగారాల చట్టం కూడా రెండింటికీ కంచె తప్పనిసరి చేసింది (చూ. చట్టపరమైన నిబంధనలు).

చరిత్ర

నీటిని గిన్నెల దండతో పైకి తోడే రాట్నం నేటి బకెట్ ఎలివేటర్‌కు పూర్వరూపం. పిండిమరలో బకెట్ ఎలివేటర్‌ను, మర (స్క్రూ) కన్వేయర్‌ను, బెల్టును కలిపి, మనిషి చెయ్యి తగలకుండా గింజను పిండిగా మార్చే ఏర్పాటును 1780ల్లో అమెరికాకు చెందిన ఆలివర్ ఇవాన్స్ చేశాడు. భారీ ఖనిజాన్ని మోసే రబ్బరు బెల్టు 1890ల్లో వచ్చింది. థామస్ ఎడిసన్ ఇనుప ఖనిజ కర్మాగారం కోసం థామస్ రాబిన్స్ దాన్ని రూపొందించాడు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో అది అత్యున్నత బహుమతి అందుకుంది. ఫోర్డ్ కంపెనీ 1913లో కారు తయారీని కదిలే వరుస మీదికి తెచ్చింది.

భద్రత చరిత్రలో ముఖ్యమైన తేదీ 1950 సెప్టెంబరు 26. ఇంగ్లండులోని క్రెస్‌వెల్ బొగ్గుగనిలో రబ్బరు బెల్టు అంటుకుని 80 మంది చనిపోయారు. భూగర్భ గనుల్లో మంటను తట్టుకునే బెల్టులు వాడాలన్న నియమం ఆ తర్వాతే బలపడింది.

తెలుగు నేల మీద భారీ కన్వేయర్లు సింగరేణి గనులు, విశాఖ రేవు, ఉక్కు కర్మాగారం, తాపవిద్యుత్ కేంద్రాలతో విస్తరించాయి. బైలదిలా ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి ఎత్తే విశాఖ ఔటర్ హార్బర్ 1976లో పనిలోకి వచ్చింది. డెల్టాలో దారి వేరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక వరి సాగు పెరిగింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. దంపుడు, హల్లరు దశలు దాటి మిల్లు అంతస్తుల మీద అంతస్తులుగా ఎదిగేసరికి, ధాన్యాన్ని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఎత్తే ఎలివేటర్లు దానికి వెన్నెముక అయ్యాయి. ఉయ్యూరు చక్కెర కర్మాగారం 1941లో వెలగపూడి రామకృష్ణ నెలకొల్పిన కె.సి.పి. సంస్థకు మూలం. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు తాపవిద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 210 మెగావాట్లవి ఆరు, 500 మెగావాట్లది ఒకటి కలిపి 1,760 మెగావాట్లకు చేరిన ఆ కేంద్రంలో 2023లో 800 మెగావాట్ల యూనిట్ చేరింది. కరెంటు యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, 500 మెగావాట్ల యూనిట్ ఒక్కదానికే పూర్తి సామర్థ్యంతో రోజుకు 8,400 టన్నులు కావాలి. వ్యాగన్ల నుంచి దించిన ఆ బొగ్గంతా క్రషర్ మీదుగా బంకర్లకు బెల్టుల మీదే చేరుతుంది.

రకాలు

బెల్టు కన్వేయర్ అన్నిటికంటే విస్తృతంగా వాడుకలో ఉన్నది. రోలర్ల మీద దోనె ఆకారంలో వంగిన బెల్టు బొగ్గు, రాయి, ధాన్యం, బస్తాలు మోస్తుంది. మామూలు బెల్టు మీద బొగ్గును సుమారు 18 డిగ్రీల వాలు వరకు ఎక్కించవచ్చు. అంతకు మించితే సరుకు వెనక్కి దొర్లుతుంది.

బకెట్ ఎలివేటర్‌లో నిలువు బెల్టుకు గాని గొలుసుకు గాని బకెట్లు బిగించి ఉంటాయి. అడుగు భాగాన్ని బూటు అని, పై భాగాన్ని హెడ్ అని అంటారు. రైసు మిల్లులో ధాన్యానికి, బియ్యానికి, నూకకు, తవుడుకు వేర్వేరు ఎలివేటర్లు ఉంటాయి. మర కన్వేయర్ తొట్టిలో తిరిగే మరతో తవుడు, ఊక, సిమెంటు వంటివి తోస్తుంది. చక్కెర కర్మాగారంలో చెరకు, పిప్పి పలకలు బిగించిన గొలుసుల మీద నడుస్తాయి. రోలర్ కన్వేయర్లు పెట్టెలకు, పార్సిళ్లకు. గాలితో ఊకను గొట్టాల్లో ఊదే ఏర్పాటు కూడా మిల్లుల్లో ఉంది.

పని చేసే తీరు

బెల్టును డ్రమ్ము ఘర్షణతో లాగుతుంది. డ్రమ్ముకు వచ్చే వైపు బిగువుకూ, వదిలే వైపు బిగువుకూ ఉండగల గరిష్ఠ నిష్పత్తిని ఆయిలర్ సూత్రం చెబుతుంది. ఘర్షణ గుణకం 0.3 ఉండి, బెల్టు డ్రమ్మును 180 డిగ్రీలు చుట్టుకుంటే ఆ నిష్పత్తి దాదాపు 2.6. పక్కన చిన్న స్నబ్ డ్రమ్ము పెట్టి చుట్టును 210 డిగ్రీలకు పెంచితే 3.0 అవుతుంది. డ్రమ్ము వానకు తడిసి గుణకం 0.2కు పడిపోతే, 180 డిగ్రీల చుట్టుకు 1.9 మాత్రమే మిగులుతుంది. తొలకరి తర్వాత ఆరుబయట కన్వేయర్లు జారడం మొదలుపెట్టేది ఇందుకే. దీనికి విరుగుడు డ్రమ్ముకు గాళ్లున్న రబ్బరు తొడుగు, సరైన బిగువు. తిరుగుతున్న డ్రమ్ము మీద ఇసుక, జిగురు పొడి చల్లే అలవాటు చేతులు పోగొట్టే అలవాటు. దాన్ని ఏ మిల్లులోనూ సహించకూడదు.

బిగువు నిలపడానికి చిన్న కన్వేయర్లలో టెయిల్ (తోక) దగ్గర మరలు, పెద్దవాటిలో వేలాడే బరువు ఉంటాయి. మోసే సామర్థ్యం సరుకు అడ్డుకోత వైశాల్యం, వేగం, సాంద్రతల లబ్ధం. 0.1 చదరపు మీటరు కోత సెకనుకు 2 మీటర్ల వేగంతో సాగితే గంటకు 720 ఘనపు మీటర్లు వస్తుంది. బొగ్గు సాంద్రత ఘనపు మీటరుకు 0.8 టన్ను అనుకుంటే అది సుమారు 576 టన్నులు.

బెల్టు పక్కకు పోవడానికి ఒకే సూత్రం: ఏ రోలరు కొసను బెల్టు ముందు తాకుతుందో ఆ కొస వైపుకే జరుగుతుంది. సరుకు ఒక పక్కకు పడటం, అతుకు వంకరగా ఉండటం, రోలరుకు బురద గడ్డకట్టడం కూడా బెల్టును తప్పిస్తాయి.

స్థాపన

*నేల, పునాది.* డెల్టాలోని నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పునాది పైపైనే వేస్తే కన్వేయర్ కాళ్లు ఏటా లేచి దిగుతాయి. నాటిన రోజు తాడు పట్టి సరిచూసిన వరుస మరుసటి వేసవికి తప్పుతుంది. అడుగున ఉబ్బుతో పోసే అండర్‌రీమ్డ్ పైల్స్ ఇలాంటి నేలకు తగినవి. భూగర్భజలం పైనే ఉండే ఊళ్లలో ఎలివేటర్ బూటు గొయ్యికి నీరు ఊరకుండా కాంక్రీటు గోడలు, ఊట తోడే పంపు, దిగి ఎక్కడానికి స్థిరమైన నిచ్చెన మొదటే కట్టాలి. బూటు గోతిలో నీరు చేరితే అందులోని ధాన్యం ముక్కి ఎలివేటర్ చోక్ అవుతుంది. చోక్ అయిన ప్రతిసారీ ఒక మనిషి అందులోకి దిగాలి.

*గాలి.* దివిసీమను 1977 నవంబరు 19న ముంచిన తుపాను ఈ తీరం ఎంత గాలిని చూసిందో గుర్తుచేస్తుంది. బెల్టు సాగే ఎత్తైన గ్యాలరీలను తుపాను గాలి లెక్కతో నిర్మించాలి. ఖాళీగా ఆగి ఉన్న బెల్టును గాలి రోలర్ల మీంచి ఎత్తి తిరగేయగలదు. పై కప్పు, అక్కడక్కడ అడ్డ కమ్మీలు దీన్ని ఆపుతాయి.

*వరుస.* తల నుంచి తోక వరకు మధ్యరేఖ వేసి, ప్రతి ఫ్రేమును, ప్రతి డ్రమ్మును దానికి లంబంగా, మట్టంగా నిలపాలి. పొడవు తక్కువైతే పియానో తీగ చాలు, ఎక్కువైతే సర్వే పరికరం కావాలి. బెల్టు ఎక్కించకముందే రెండు వైపులా నడకదారి, దాటాల్సిన చోట మెట్ల వంతెన, గ్రీజు కొట్టే గొట్టాలను గార్డు బయటికి తెచ్చే ఏర్పాటు పూర్తి కావాలి. వంతెన లేని చోట మనుషులు బెల్టు కింద దూరి వెళతారు. ఎన్ని బోర్డులు పెట్టినా ఆగరు.

*బెల్టు ఎక్కించడం, అతకడం.* స్థాపనలో అతి ప్రమాదకరమైన ఘట్టం ఇదే. వేలాడే బరువును ముందుగా ఉక్కు కడ్డీతో ఫ్రేముకు బిగించాలి. ఆ తర్వాత కోసే చోటుకు రెండు వైపులా బెల్టును క్లాంపులతో గట్టి నిర్మాణానికి కట్టాలి. వాలు మీద బెల్టు సొంత బరువే టన్నులు ఉంటుంది. క్లాంపు లేకుండా కోస్తే అది కిందికి దూసుకుపోయి దారిలో ఉన్నదాన్నల్లా ఈడ్చుకుపోతుంది. వేడి అతుకులో పొరలను మెట్లుగా ఒలిచి, శుభ్రం చేసి, జిగురు రబ్బరు వేసి, ప్రెస్సులో ఒత్తిడితో సుమారు 140–150 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికిస్తారు. ప్రెస్సును ఒత్తిడి తీయకుండానే చల్లారనివ్వాలి. తొందరపడి విప్పితే పొరల మధ్య బుడగలు నిలుస్తాయి. వాడే ద్రావకాలు అంటుకునేవి కాబట్టి దగ్గర్లో వెల్డింగు చేయకూడదు. ఇనుప క్లిప్పులతో అతికితే పని త్వరగా అవుతుంది, కానీ క్లిప్పులు బెల్టును గీకే స్క్రేపర్లకు, చేతులకు గుచ్చుకుంటాయి.

*తొలి నడక.* ముందు మోటారు తిరిగే దిశ చూడాలి. తర్వాత ఖాళీ బెల్టు, ఆ తర్వాత కొద్దిపాటి సరుకు, చివరికి పూర్తి సరుకు. ప్రతి అత్యవసర స్విచ్చును విడిగా లాగి, బెల్టు నిజంగా ఆగిందో లేదో చూసి సంతకం చేయాలి.

ప్రమాద స్థానాలు

బెల్టు డ్రమ్ములోకి దూరే సందు అన్నిటికంటే ప్రమాదకరం. సెకనుకు 2 మీటర్ల వేగంతో నడిచే బెల్టు అర సెకనులో మీటరు లాగేస్తుంది. చెయ్యి చిక్కిందని తెలిసి వెనక్కి లాక్కునే లోపు భుజం దాకా వెళ్లిపోతుంది. టెయిల్ డ్రమ్ము, స్నబ్ డ్రమ్ము, బరువు వేలాడే చోటి డ్రమ్ములు, సరుకు పక్కకు చిందకుండా ఆపే స్కర్టు కింద ఉండే రోలర్లు ఇలాంటివే. ఖాళీ బెల్టు తిరిగొచ్చే వైపు ఉండే రిటర్న్ రోలరు మామూలుగా హాని లేనిదానిలా కనిపిస్తుంది. కింద పడిన సరుకును పారతో తీస్తుంటే పార అంచు అందులో చిక్కుకుంటుంది, పారను వదలని చెయ్యి దాని వెంట పోతుంది.

మిల్లులో హమాలీ మెడలో తువ్వాలు, నడుముకు లుంగీ, ఊడ్చే ఆడమనిషి కొంగు, జడ తిరిగే షాఫ్టుకు చుట్టుకోవడానికి క్షణం చాలు. షాఫ్టు మీద పైకి పొడుచుకువచ్చిన కీ గాని బోల్టు గాని ఉంటే మరీ ప్రమాదం.

రెండో తరగతి ప్రమాదం నిల్వ ఉన్న శక్తి వల్ల. మోటారు ఆగినా బెల్టులో బిగువు, వేలాడే బరువు, వాలు మీది సరుకు, నిండిన బకెట్లు అలాగే ఉంటాయి. నిండు ఎలివేటర్‌కు కరెంటు పోయిన క్షణంలో వెనక్కి తిరగకుండా పట్టే బ్యాక్‌స్టాప్ లేకపోతే బకెట్లన్నీ కిందికి జారి బూటు నిండిపోతుంది.

రక్షణ సాధనాలు

గార్డు వేలు దూరని జాలీతో, పనిముట్టు లేకుండా విప్పలేని విధంగా ఉండాలి. గార్డు తెరవకుండానే లోపల ఏముందో కనిపించాలి. కనపడని గార్డును మనుషులు విప్పి పక్కన పెడతారు. నడకదారి పొడవునా సాగే తాడు స్విచ్చును ఎక్కడ లాగినా బెల్టు ఆగుతుంది. లాగిన స్విచ్చును అక్కడికి వెళ్లి చేత్తో సరిచేస్తే గాని మళ్లీ నడవకూడదు. బెల్టు పక్కకు పోతే స్వే స్విచ్చు, జారినా తెగినా వేగం కొలిచే స్విచ్చు, సరుకు జారే చూట్ నిండితే చోక్ స్విచ్చు పనిచేస్తాయి. పొడవైన బెల్టు కదలడానికి కొన్ని సెకన్ల ముందు సైరన్ మోగాలి. తాడు స్విచ్చు ఆపడానికే. అది విద్యుత్తును వేరుచేసే సాధనం కాదు (చూ. తాళం, ట్యాగు, ఎల్‌సీ).

తాళం, ట్యాగు, ఎల్‌సీ

ఆపు బటను నొక్కితే మోటారు ఆగుతుంది. విద్యుత్తు మాత్రం స్టార్టర్ దాకా అలాగే ఉంటుంది. మరో ప్యానెల్ నుంచో, వరుసలో ముందున్న బెల్టు సంకేతంతోనో అది మళ్లీ తిరగవచ్చు. కాబట్టి పనికి దిగేముందు మెయిన్ ఐసొలేటర్ దించి, దానికి తాళం వేసి, ఎవరు ఏ పని మీద ఉన్నారో రాసిన ట్యాగు తగిలించాలి. తాళంచెవి పని చేసే మనిషి జేబులో ఉండాలి. నలుగురు పని చేస్తే నాలుగు తాళాలు. ఆ తర్వాత స్టార్టు బటను నొక్కి, తిరగడం లేదని కళ్లతో చూడాలి. బరువును కడ్డీతో బిగించి, బెల్టుకు క్లాంపు వేసి, నిండిన సరుకును ఖాళీ చేస్తే గాని వేరుచేయడం పూర్తికాదు. అమెరికా ఈ పద్ధతిని 1989లో ప్రమాణంగా జారీ చేసింది. ఇక్కడి విద్యుత్ సిబ్బందికి ఈ ఆలోచన కొత్తది కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుంటాడు. తీసుకున్న మనిషే తిరిగి ఇచ్చేదాకా లైను చార్జి చేయకూడదు. బొగ్గు బెల్టుకు ఇచ్చే పని పర్మిట్ కూడా ఇదే నియమం మీద నడుస్తుంది.

చిన్న మిల్లుల్లో ముప్పు కరెంటు కోత రూపంలో వస్తుంది. కరెంటు పోగానే, అదే అదనని, చోక్ అయిన బూటులో చెయ్యి పెడతారు. కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటది తిరగకుండా స్టార్టర్‌లో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది. దాన్ని తీగతో కట్టేసినా, పొలం బోరు మోటార్లకు బిగించే ఆటో స్టార్టర్‌ను తెచ్చి ఎలివేటర్‌కు పెట్టినా ఆ రక్షణ పోతుంది. పొలంలో రైతుకు రాత్రి నడక తప్పించే పరికరం మిల్లులో ప్రాణాంతకం.

నిర్వహణ

డెల్టాలో నిర్వహణ క్యాలెండరును పంట నిర్ణయిస్తుంది. సార్వా ధాన్యం వచ్చే నవంబరు నుంచి జనవరి వరకు, దాళ్వా కోతలైన ఏప్రిల్, మే నెలల్లో మిల్లులు ఊపిరాడకుండా నడుస్తాయి. చక్కెర కర్మాగారంలో క్రషింగ్ శీతాకాలంలో సాగి వేసవితో ముగుస్తుంది. బేరింగులు మార్చడం, బకెట్ల బోల్టులు బిగించడం, గొలుసుల అరుగుదల కొలవడం, వరుస సరిచూడటం సీజను మొదలుకాకముందే ముగియాలి. సీజను మధ్యలో వాయిదా వేసిన పనే నడుస్తున్న బెల్టు మీద చేయబోయే పని అవుతుంది.

రోజువారీ తనిఖీ చెవితో, కంటితో, చేత్తో పట్టుకుని వేడి కొలిచే పరికరంతో జరుగుతుంది. బిగుసుకున్న రోలరు కీచుమంటుంది, లేదా నిశ్శబ్దంగా ఆగి బెల్టు కింద అరుగుతుంది. అలా అరిగిన రోలరు పెంకు కత్తిలా పదునెక్కి బెల్టును నిలువునా చీలుస్తుంది. వేడెక్కిన బేరింగును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో దూరం నుంచే పట్టుకోవచ్చు. అతుకు అంచు లేస్తే ఆ రోజే చూడాలి. పక్కకు పోయే బెల్టును సరిచేయడం మాత్రం నడుస్తుండగానే చేయాల్సి వస్తుంది. కాబట్టి సరిచేసే బోల్టులు గార్డు బయట ఉండాలి, ఒకసారికి కొద్దిగా తిప్పి బెల్టు కొన్ని చుట్లు తిరిగేదాకా ఆగాలి, ఆ పని శిక్షణ పొందిన మనిషే చేయాలి.

కింద రాలే సరుకు నిర్వహణలో అసలు శత్రువు. అది రాలుతున్నంత కాలం ఎవరో ఒకరు పార పట్టుకుని రిటర్న్ బెల్టు దగ్గరకు వెళుతూనే ఉంటారు. స్క్రేపరు అరుగుదల, స్కర్టు రబ్బరు సందు, చూట్ నుంచి సరుకు బెల్టు మధ్యలో పడే తీరు సరిచేస్తే ఊడ్చే పనే తగ్గుతుంది. ఎక్కువమందిని ఊడ్పుకు పెట్టడం కంటే ఇది చవక కూడా.

మంటలు, ధూళి

బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉన్నది. నిప్పున్న బొగ్గు బెల్టు మీదికి వస్తే, బెల్టు ఆగి ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ. అదే చోట కాలుతూ ఉంటుంది. జారే డ్రమ్ము, బిగుసుకున్న రోలరు కూడా నిప్పుకు కారణాలు. భూగర్భంలో, గ్యాలరీల్లో మంటను తట్టుకునే బెల్టు, నీటి స్ప్రింక్లర్లు, వేడిని పసిగట్టే తీగ, దుమ్మును అణచే జల్లు అవసరం. చక్కెర కర్మాగారపు పిప్పి, మిల్లు ఊక తేలిగ్గా అంటుకుంటాయి. మూసి ఉన్న ఎలివేటర్‌లో తేలే సన్నని ధాన్యపు ధూళి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే బూటుకు ముందు అయస్కాంతం పెట్టి ఇనుప ముక్కలు ఏరాలి, కేసింగును రాసుకునే బకెట్లను వెంటనే సరిచేయాలి, వెల్డింగుకు ముందు ధూళిని పూర్తిగా తుడవాలి.

చట్టపరమైన నిబంధనలు

కర్మాగారాల చట్టం 1948లోని 21వ సెక్షన్ ప్రమాదకర భాగాలన్నిటికీ గట్టి కంచెను తప్పనిసరి చేసింది. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించడం, నూనె వేయడం, బెల్టు సరిచేయడం వంటి పనులను 22వ సెక్షన్ ప్రత్యేక శిక్షణ పొంది, రిజిస్టరులో పేరుండి, యజమాని ఇచ్చిన బిగుతైన దుస్తులు వేసుకున్న వయోజన పురుష కార్మికునికే పరిమితం చేసింది. తిరిగే పుల్లీ మీది పట్టాను చేత్తో ముట్టాలంటే దాని వెడల్పు 15 సెంటీమీటర్లు దాటకూడదు, అతుకు నున్నగా ఉండాలి, నిలబడటానికి గట్టి చోటు, పట్టు ఉండాలి. పట్టాను ఒక పుల్లీ నుంచి మరోదానికి జరిపే సాధనం, కరెంటు వెంటనే ఆపే సాధనం 24వ సెక్షన్‌లోకి వచ్చాయి. షాఫ్టు మీది బోల్టులు, కీలు లోపలికి అమర్చాలని 26వ సెక్షన్ చెప్పి, అలా లేని యంత్రాన్ని అమ్మినవారిని కూడా బాధ్యులను చేసింది. సాంకేతిక ప్రమాణాల్లో ఐఎస్ 11592 బెల్టు కన్వేయర్ల రూపకల్పనకు, ఐఎస్ 7155 కన్వేయర్ భద్రతకు సంబంధించినవి.

పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి కర్మాగారాల చట్టాన్ని తనలో కలుపుకుంది. ఇందులో ఫ్యాక్టరీ నిర్వచనానికి, కరెంటుతో నడిచేచోట, కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. డెల్టాలోని చిన్న రైసు మిల్లులకు ఈ మార్పు నేరుగా తగులుతుంది. 20 మంది లేని మిల్లు ఫ్యాక్టరీ కాకపోయినా, 10 మంది ఉంటే ఎస్టాబ్లిష్‌మెంట్ అవుతుంది, ప్రమాదం లేని పనిచోటు ఇవ్వాల్సిన యజమాని సాధారణ బాధ్యత దానికి వర్తిస్తుంది. పాత చట్టానికి 1976లో చేసిన సవరణ, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారిని కూడా కార్మికులుగా లెక్కించింది. ధాన్యం సీజనులో మేస్త్రీ వెంట వచ్చే హమాలీలు, ఓవర్‌హాలింగ్‌కు వచ్చే ఫిట్టర్లు ఆ లెక్కలోనివారే.